ఊఁ అన్న పాపానికి

దిగుడుకు ఇంకా 31 రోజులు

ఈ పుస్తకం నేను ఇష్టపడి రాయడం లేదు. ప్రతి గొంతు కిటికీ దగ్గరా ఒక రోజువారీ పుస్తకం ఉండాలని, జరిగినవన్నీ అందులో చేత్తో రాయాలని చలువ సంఘం వాళ్లు ఆర్డరు పంపారు. కరెంటు పోయినా కాగితం ఉంటుందట. చెమటకు కలం జారిపోతుంటే కాగితం ఉండి ఏం లాభమో వాళ్లే చెప్పాలి. నా పేరు కాసిపేట వినోద. వయసు యాభై రెండు. నాలుగో బాయి వాడలో గొంతు కిటికీ నడిపేది నేనే. నాకు నోటిదురుసు ఎక్కువని సంఘం దగ్గర ఇప్పటికే మూడు ఫిర్యాదులున్నాయి, కాబట్టి ఆ సంగతి మళ్లీ రాయను.

పొద్దున ఎనిమిదింటికే నలభై నాలుగు డిగ్రీలు. కిటికీకి కట్టిన గోనెసంచులు రెండుసార్లు తడిపాను. మొదట కొమురక్క వచ్చింది. తన రోజుల్లోంచి రెండు కూతురికి ఇవ్వాలంది. కూతురు పక్కనే నిలబడి ఉంది. కొమురక్కకు చదువు రాదు కాబట్టి వాక్యం నేనే చదివాను. "రెండు రోజులు ఇస్తున్నావా?" కొమురక్క "ఊఁ" అంది. యంత్రం గొంతు గుర్తుపట్టి పచ్చలైటు వేసింది. కూతురి వైపు తిరిగి "రెండు రోజులు తీసుకుంటున్నావా?" అన్నాను. ఆమె కూడా "ఊఁ". మళ్లీ పచ్చలైటు. ఇచ్చేవాళ్ల గొంతే కాదు, తీసుకునేవాళ్ల గొంతూ కావాలి. దొంగిలించిన రోజుల్ని తెచ్చి అమాయకుల పేరు మీద పడేసి వాళ్లను ఇరికించిన ఘనులు ఒకప్పుడు ఉండేవాళ్లు.

ఒక రోజంటే బాయిలో ఒక రోజు చలువ. మా ఇళ్లల్లో డబ్బు కన్నా దానికే విలువ. పాత బొగ్గుబాయి సొరంగాల్లో వేసవి డెబ్బై రోజులూ వేడి ముప్పై ఒక డిగ్రీలు దాటదు. పైన యాభై దాటుతుంది. డెబ్బై ఉన్నవాళ్లు దిగి, వానలకు పైకి వస్తారు. తక్కువున్నవాళ్లను ఆ రోజులు అయిపోగానే పైకి పంపేస్తారు. దిగుడు రోజు తర్వాత కొత్తవాళ్లను దింపరు.

ఈ ఊఁ తెచ్చింది నేనే. తొమ్మిదేళ్ల కింద "నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతం లేకుండా ఇస్తున్నాను" అని యంత్రం ముందు పొడుగు వాక్యం చెప్పాల్సి వచ్చేది. బొగ్గుదుమ్ము మింగిన గొంతులకు అంత వాక్యం ఎక్కడ పలుకుతుంది? సగంలో దగ్గు వచ్చేది, యంత్రం ఎర్రలైటు వేసేది. సంఘం ఆఫీసు మెట్ల మీద పదకొండు రోజులు కూర్చున్నాను. వాక్యం ఎవరైనా చదవొచ్చు, కిటికీ దగ్గరైనా ఫోన్లోనైనా సొంతదారు ఊఁ అంటే చాలు అని రాయించుకునే దాకా లేవలేదు. మెచ్చుకుని నాకు శాలువా కప్పారు. నలభై ఆరు డిగ్రీల్లో శాలువా.

దిగుడుకు ఇంకా 27 రోజులు

మధ్యాహ్నం గిన్నెలో అన్నం, చింతపండు చారు పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. ఎదురింట్లో మా బావ ఓదెలు ఉంటాడు. మా అక్క భాగ్య మొగుడు. అక్క పోయి రెండేళ్లయింది. బావకు అరవై ఎనిమిది. పనిచేసేది ఒక్క ఊపిరితిత్తే గాని మాటలకు ఏ లోటూ లేదు. అక్క ఉన్నప్పుడు ఆమె కథ చెబుతుంటే ఈయన ఊఁ కొట్టేవాడు. ఆ ఊఁ మా ఇంటి దాకా వినబడేది. నేను కథలు చెప్పను, ఎవరన్నా చెబితే ఊఁ కొట్టను. అన్నం పెట్టి, నాలుగు తిట్టి, గిన్నె తీసుకుని వచ్చేస్తాను.

ఈరోజు ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మరదలా, ఇయ్యాల కథ మస్తుగున్నదే" అన్నాడు.

"ఏం కథ? ఎవలు చెప్పిన్రు?"

"ఫోన్ల ఒకాయన చెప్తడు. రోజు పదకొండింటికి చేస్తడు. ఏమడగడు పాపం, కథ చెప్పి పెట్టేస్తడు. ఒక బాయి పనోడు లోపల తొవ్వ తప్పిండు. మలుపుకొకలు ఎదురైతరు. ఇయ్యాల గుడ్డిగుర్రం ఎదురైంది. నేను తొవ్వ జూపిస్త, మరి నాకు 'ఒక రోజు ఇస్తున్నావా?' అని అడిగిందట."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. గుర్రం మాట్లాడితే మాట్లాడనీ, కిటికీ భాషలో ఎందుకు మాట్లాడుతుంది?

"అప్పుడు నువ్వేమన్నవ్?"

"నేనేమంట? ఊఁ అన్న."

"నిన్న?"

"నిన్న దీపాలు తుడిచే ముసలామె అడిగింది. పాపం, దాని కొడుకు..."

"ఆమెకు గూడ ఊఁ అన్నవా?"

"కథ ఇంటె ఊఁ అనరా? నీ లెక్క గోడమొఖం పెట్టుకోని కూసుంటరా?"

ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. ఏడు మలుపులని మొదలుపెట్టాడట, నలభై దాకా అయ్యాయట, మలుపుల్లో మళ్లీ మలుపులున్నాయట. ఆయన ఫోన్ లాక్కుని రోజులెన్నో చదవమన్నాను. ఫోన్ చదివింది. ముప్పై ఒకటి. మాఘమాసంలో నా ముందే డెబ్బై నిండాయి.

"మిషన్ ఖరాబైనట్టున్నది" అన్నాడు బావ.

ఖరాబైంది మిషన్ కాదు, నీ బుర్ర అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాస్తే నాలుగో ఫిర్యాదు వస్తుంది. ఆయన ముద్ద కింద పెట్టేశాడు. చెయ్యి కడుక్కున్నాడు.

"ఎవ్వలకు చెప్పకే" అన్నాడు. "నవ్వుతరు."

ముప్పై ఒక రోజులంటే రోహిణి కార్తె ఇంకా నాలుగు రోజులుందనగా ఆయన్ని పైకి పంపేస్తారు. ఒక్క ఊపిరితిత్తితో రోహిణి ఎండలో ఈ మనిషి వారం బతకడు. అది ఆయనకూ తెలుసు. నాకు భయం వేసింది, భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

దిగుడుకు ఇంకా 26 రోజులు

సంఘం ఆఫీసుకు వెళ్లాను. ఖాతాల అధికారి మధుకర్ కుర్చీలోంచి లేవలేదు.

"అక్కా, గొంతు ఆయనదే. ఊఁ ఆయనదే. గొలుసుల ఎక్కింది మళ్ల చెరుపరాదు" అన్నాడు.

గొలుసంటే వేల యంత్రాలు ఒకేసారి రాసుకునే లెక్క. ఎవరూ దిద్దలేరు, ఎవరూ చెరపలేరు. దొంగలు వేలు పెట్టకూడదని అలా కట్టారు. ఇప్పుడు దొంగ ఒకసారి పట్టుకుపోతే, ఎవరూ వెనక్కి లాక్కోకుండా అదే వాడికి కాపలా కాస్తోంది. ఈ మాట మధుకర్‌తో అంటే, నిజమే అక్కా అని తల ఊపాడు. తల ఊపడానికి జీతమిస్తున్నారు కాబోలు.

"ఊఁ చెల్లదని ఇయ్యాలనే ఆర్డరెయ్యి. నోటితోని పూర్తిగ చెప్తేనే చెల్లాలె."

"ఊఁ పెట్టిచ్చిందే నువ్వు గదా!" అని గోడ మీది ఫొటో చూపించాడు. శాలువా కప్పుకుని చెమటలు కక్కుతూ నవ్వుతున్నది నేనే. "వానలు పడ్డంక సభల పెడుదం. అందరు ఒప్పుకుంటె తీసేద్దం."

వానలు పడే నాటికి ఎంతమంది ఉంటారో అడిగాను. ఆయన టేబుల్ మీద గ్లాసు నిండా చల్లటి నీళ్లున్నాయి, ఆ పూటకు ఆయన వాటా. ఎత్తి తాగేసి వచ్చాను. నాకేమీ సిగ్గనిపించలేదు.

దిగుడుకు ఇంకా 22 రోజులు

ఇంటింటికీ తిరిగాను. ఎవరూ నోరు విప్పరు. "మాకేం గాలేదు" అని తలుపు సగం మూస్తారు. మూసే లోపల కాలు అడ్డం పెట్టి, రోజులెన్నున్నాయో ఫోన్‌ను చదవమనండి అన్నాను. పదకొండు ఇళ్లల్లో తక్కువ వచ్చాయి. ఒకామెకు దేవుడి కథ, ఒకాయనకు పాత ఎన్నికల కథ, కొమురక్కకు కోడళ్ల కథ. ఎవరికి ఏది ఇష్టమో దొంగలకు మాకన్నా బాగా తెలుసు. పదకొండుమందీ ఒక్కటే మాటన్నారు, ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది. పదకొండు ఇళ్లూ ఒకే వాడలో, గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. మొదట పోగొట్టుకున్న మనిషి నోరు విప్పి ఉంటే మిగతా పదిమందివీ మిగిలేవి.

ఇంత కోపం నాకు దొంగల మీద కూడా రాలేదు. ఆ సంగతి పదకొండుమందికీ ముఖాన్నే చెప్పాను.

దిగుడుకు ఇంకా 19 రోజులు

బాయి పక్కన పాత దీపాల గదిలో క్లాసు పెట్టాను. అరవై మంది వచ్చారు. ఒక్కొక్కరూ ఒక గిన్నె, ఒక గరిటె తెచ్చుకోవాలని చెప్పాను. వంట నేర్పుతానేమో అనుకున్నారు.

"తెలియని గొంతు ఫోన్ చేస్తే పెట్టెయ్యాలె. మొగమాటమొద్దు, వాడు నీ వియ్యంకుడు కాదు" అన్నాను. "పెట్టెయ్య బుద్ధి గాకుంటె ఇను. గాని నోరు తెరువకు. ఊఁ అనబుద్ధయిన కాడ గరిటెతోని గిన్నె మీద కొట్టు."

ఊఁ అనకుండా వినడం మా వాళ్లకు ఎంత కష్టమో ఈరోజే చూశాను. నేను మాట్లాడుతుంటేనే ముందు వరసంతా ఊఁ, ఊఁ అంటోంది. అన్న ప్రతివాళ్లనూ లేపి నిలబెట్టాను. అరగంటకు సగం గది నిలబడి ఉంది.

పదకొండింటికి బావ ఫోన్ తెరిచాను. నాలుగు రోజుల క్లాసు కన్నా ఒక్కసారి చూస్తే చాలని నా ఉద్దేశం. చెప్పిన టైముకు చేశాడు మహానుభావుడు. గొంతు నిజంగానే బాగుంది. బాయి పనివాడు గుర్రం వెనక నడుస్తున్నాడు, ఎక్కడో నీళ్ల చప్పుడు వినబడింది, మలుపులో ఒక పాప కూర్చుని ఉంది. "నాకు దూపైతంది, నీళ్లు దొరుకుతలెవ్వు, ఒక రోజు ఇస్తున్నావా?" అంది పాప.

బావ గిన్నె మీద కొట్టాడు. టంగ్.

"ఇంటున్నవా ఓదెలు మామా? ఒక రోజు ఇస్తున్నావా?"

టంగ్.

"ఇంటున్నవా ఓదెలు మామా? ఒక రోజు ఇస్తున్నావా?"

తొమ్మిదిసార్లు అడిగాడు. తొమ్మిదిసార్లూ అదే రాగం, అదే నిట్టూర్పు, అదే చోట ఆగడం. అప్పుడు గదిలో అందరికీ అర్థమైంది, అటువైపు మనిషే లేడు. పెద్దగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ కొమురక్క ఏడ్చేసింది. ఇన్నాళ్లూ కోడళ్ల సంగతులు చెప్పుకున్నది యంత్రంతోనా అని.

ఫోన్ పెట్టేశాను. బావ గరిటె పట్టుకునే ఉన్నాడు.

"ఆ పిల్లకు నీళ్లు దొరికినయో లేదో ఇననియ్యకపోతివి" అన్నాడు.

దిగుడుకు ఇంకా 15 రోజులు

నాలుగు రోజులుగా మా వాడలో ఒక్క రోజు కూడా పోలేదు. పక్క వాడల నుంచి వచ్చి క్లాసు పెట్టమని అడిగారు. మధుకర్ కబురు పంపాడు, సంఘం చాలా సంతోషించిందట. శాలువా వద్దని తిరుగు కబురు పంపాను.

పోయినవి మాత్రం పోయాయి. బజార్లో ఒక రోజు ధర నా మూడు నెలల జీతం. దిగుడు దగ్గర పడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ముప్పై తొమ్మిది కొనాలంటే నేను ఇంకో జన్మ కూడా కిటికీ దగ్గరే కూర్చోవాలి.

దిగుడుకు ఇంకా 11 రోజులు

ఇది రాయాలని లేదు. అయినా రాస్తున్నాను. నోరు విప్పలేదని పదకొండుమందిని తిట్టినదాన్ని కదా.

చూపించడానికని కిటికీ ఫోన్, యంత్రం దీపాల గదికి తెచ్చుకుని క్లాసు చెబుతుండగా ఆ ఫోన్‌కు ఒకడు చేశాడు. ఈసారి మనిషే. చదువుకున్న గొంతు.

"మేడమ్, రికవరీ విభాగం నుంచి. మీ బావగారివి ముప్పై తొమ్మిది రోజులు పోయాయి కదా, దొరికాయి. వెనక్కి వేయించడానికి ఫీజు అయిదు రోజులు మాత్రమే. ఈరోజు సాయంత్రం దాకే టైముంది."

పోగొట్టుకున్నవాళ్ల జాబితా దొంగ దగ్గర తప్ప ఎవరి దగ్గర ఉంటుంది? నాకు వెంటనే తెలిసింది. అప్పుడే పెట్టేయాలి. నేను రోజూ అరిచి చెప్పే మొదటి మాట అదే. కానీ ఎదురుగా అరవై మంది కూర్చున్నారు, వీడి తోలు ఎలా తీస్తానో చూడండి అన్నట్టు వాళ్లకు సైగ చేసి స్పీకర్ పెట్టాను. అదీ నా తెలివి.

వాడి ఏడు తరాలనూ కడిగాను. గది అంతా గరిటెలు మోగించింది. వాడు ఓపిగ్గా విన్నాడు. మొత్తం విని, గొంతు మార్చాడు.

"మీ బావ ఊఁ మస్తు కొడతడు అక్కా. మా ఆఫీసుల అందరం ఇనుకుంట నవ్వుకునేటోళ్లం. పెండ్లాం సచ్చినంక ఆ ముసలోనితోని ఎవ్వలు మాట్లాడుతలేరట గదా? ఎదురింట్ల మరదలుండి గూడ?"

గరిటెలు ఆగిపోయాయి.

"ఏందక్కా సప్పుడు లేదు? నీయి గూడ గుంజుకుంటె ఏం జేస్తవ్? ఇరవై నాలుగు రోజులు ఇస్తున్నావా?"

"ఊఁ! రా! దమ్ముంటె వచ్చి తీస్కో!" అని అరిచాను.

పక్కనే ఉన్న కిటికీ యంత్రం పచ్చలైటు వేసింది. "ఇరవై నాలుగు రోజులు వెళ్లాయి" అని ప్రశాంతంగా చదివింది.

యంత్రానికి ఇష్టంతో అన్న ఊఁ, కసితో అన్న ఊఁ ఒక్కటే. ఆ తేడా పెట్టాలని తొమ్మిదేళ్ల కింద మెట్ల మీద కూర్చున్నప్పుడు నాకు తోచలేదు. ఇరవై నాలుగే ఎందుకడిగాడో వాడికే తెలియాలి. డెబ్బైలోంచి నలభై ఆరు మిగిలాయి. క్లాసులో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

దిగుడుకు ఇంకా 10 రోజులు

పొద్దునే బావ కిటికీ దగ్గరికి వచ్చాడు. అందరి లాగే వరసలో నిలబడి, తన వంతు వచ్చాక లోపలికి తొంగిచూశాడు.

"నా ముప్పై ఒకటి నీ పేరు మీద ఎక్కియ్యి" అన్నాడు.

"పిచ్చి లేసిందా?"

"నీయి నలభై ఆరు, నాయి ముప్పై ఒకటి. ఒకరికి సరిపోను ఉన్నయి. ఇద్దరం తలాయింత వెట్టుకుంటె ఇద్దరం రోహిణిలనే పైకొస్తం. నేనెట్లాగు పోయేటోన్ని. చదువు, తీసుకుంటున్నావా అని."

"నేను తీసుకోను. నువ్వే నాయి తీస్కో."

"సచ్చినా తీస్కోను. నువ్వు నా భాగ్య చెల్లెవు. నిన్ను ఎండల ఇడిచి నేను సల్లగ పండాల్నా?"

వరసలో నిలబడ్డవాళ్ల ముందే గంటసేపు కొట్లాడుకున్నాం. చివరికి తేలింది ఒక్కటే. తీసుకునేవాడు ఊఁ అనందే ఒక్క రోజు కూడా అటు నుంచి ఇటు జరగదు. ఆయన అనడు, నేను అనను. ఇప్పుడు ఎదురెదురు ఇళ్లల్లో ఇద్దరం నోరు బిగబట్టుకుని తిరుగుతున్నాం. అన్నం పెట్టి "ఉప్పు సరిపోయిందా?" అంటే బావ వేలెత్తి చూపిస్తున్నాడు. ఊఁ కొట్టడంలో పేరు మోసిన మనిషి, వేలు చూపిస్తున్నాడు. ఇంత మొండివాణ్ణి మా అక్క ముప్పై ఏళ్లు ఎలా భరించిందో!

దిగుడుకు ఇంకా 4 రోజులు

పంకా ఇంటికి ఆరుగురు కావాలని నోటీసు అంటించారు. బాయి నోటి దగ్గర, పైనే ఉంటుంది పంకా ఇల్లు. లోపలికి గాలి తోసే పెద్ద పంకాలను డెబ్బై రోజులూ ఎవరో ఒకరు నడపాలి. తడి గోనెల గది ఒకటి, రోజుకు ఎనిమిది సీసాల నీళ్లు. పోయినేడు ఆరుగురు ఎక్కారు, నలుగురు వానలు చూశారు. పనిచేసినవాళ్లకు వచ్చే ఏడు డెబ్బై రోజులు ఊరికే ఇస్తారట. బతికితే అన్న మాట నోటీసులో లేదు, చదువుకునేవాళ్లే కలుపుకోవాలి. ఒక ఊపిరితిత్తివాళ్లను తీసుకోరని మాత్రం స్పష్టంగా రాశారు.

పంకా ఇంట్లో చేరుతున్నావా అని మధుకర్ వాక్యం చదివాడు. నేను ఊఁ అన్నాను. బావకు చెప్పలేదు.

దిగుడుకు ఇంకా 1 రోజు

మధ్యాహ్నం అన్నం తిన్నాక గిన్నె తీసుకుని లేవలేదు. సంచిలో చేతి కిటికీ ఉంది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు పట్టుకెళ్లే చిన్న యంత్రం. దాని మీద తువ్వాల కప్పి పెట్టాను. నా గొంతు పొద్దునే ఇచ్చేశాను. ఇక తీసుకునేవాడి గొంతే కావాలి.

"ఆ పిల్లకు నీళ్లు దొరికినయి" అన్నాను.

బావ తలెత్తాడు.

"ఏ పిల్లకు?"

"బాయిల పిల్లకు. గుర్రం వాసన పట్టుకుంట పోయి ఊట సూపెట్టింది."

నేను కథ చెప్పడం ఆయన ఎన్నడూ వినలేదు. మొదట అనుమానంగా చూశాడు. వేలెత్తి సరే అన్నాడు. నాకు కథ చెప్పడం రాదు. పనివాణ్ణి ఒక మలుపు తిప్పడానికి పది నిమిషాలు పట్టింది. మధ్యలో పేరు మరిచిపోయి వాడికి రెండు పేర్లు పెట్టాను. బావ నవ్వి సరిదిద్దాడు. గంట గడిచింది. ఆయన వేలు ఎత్తడం మానేసి, "ఆఁ", "తర్వాత?" అంటున్నాడు. అప్పుడు కథలోకి మా అక్కను తెచ్చాను. పనివాడి భార్య బాయి నోటి దగ్గర దీపం పట్టుకుని నిలబడింది అన్నాను. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ, కొంగు నోటికడ్డం పెట్టుకుని. బావ కళ్లు మూసుకున్నాడు.

"ఎన్ని రోజులు తిరిగినవయ్యా లోపల, అన్నది ఆమె" అన్నాను.

"ఊఁ."

"ఎదురైనోళ్లకల్ల ఇచ్చుకుంట వస్తివి, నీకేం మిగులవెట్టుకోకపోతివి, అన్నది."

"ఊఁ."

ఆ దొంగవాడు ఇలాంటి మాట యంత్రం చేత ముప్పై తొమ్మిదిసార్లు ఎలా అనిపించాడో నాకు తెలియదు. నాకు ఒక్కసారి అనడమే కష్టమైంది. అయినా అన్నాను.

"నీ కోసం దాచిన. ముప్పై తొమ్మిది రోజులు తీసుకుంటున్నావా? అని అడిగింది."

అక్క బతికున్నప్పుడు మా ఇంటి దాకా వినబడే ఊఁ వచ్చింది, పొడుగ్గా, కడుపులోంచి.

తువ్వాల కింద యంత్రం చదివింది. "ముప్పై తొమ్మిది రోజులు చేరాయి."

బావ కళ్లు తెరిచాడు. తువ్వాల కేసి, నా కేసి చూశాడు. అర్థమయ్యాక ఆయన ముఖం చూడలేకపోయాను. అన్నం గిన్నె తీసి గోడకేసి కొట్టాడు.

"వాళ్లు జేసిందే నువ్వు జేసినవ్."

"అవును."

"భాగ్యను అడ్డం వెట్టుకోని జేసినవ్. వాళ్లు గూడ అంతకు తెగించలే."

"అవును. వాళ్లకన్న బాగ చేసిన. రేపు ఏడింటికి గేటు కాడికి రా."

"నీ మొఖం నాకు సూపెట్టకు" అన్నాడు.

దిగుడు రోజు

పొద్దున ఆరింటి నుంచే వరస. ఎక్కడెక్కడి నుంచో చల్లటి బండ్లలో వచ్చినవాళ్లు ముందు నిలబడ్డారు. మెత్తటి చెప్పులు, చక్రాల పెట్టెలు. వాళ్లల్లో ఎవరి దగ్గర కొమురక్క రోజులున్నాయో, ఎవరి దగ్గర నావున్నాయో చెప్పలేం, రోజుకు పేరుండదు. కొనేటప్పుడు ఎక్కడివని అడిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని గట్టిగానే అడిగాను. ఒకాయన పెట్టెను ఇంకో చేతికి మార్చుకుని ముందుకు జరిగాడు.

బావ ఏడింటికి వచ్చాడు. గేటు యంత్రం డెబ్బై అని చదివింది. పంకా ఇంటి మెట్ల మీద నిలబడ్డ నన్ను చూశాడు. నా ఒంటి మీద పంకావాళ్ల బూడిదరంగు చొక్కా చూశాడు. అప్పటిదాకా నేనెక్కడ ఉంటానో ఆయనకు తెలియదు. ఏదో అనబోయాడు. వెనకవాళ్లు తోశారు, లోపలికి వెళ్లిపోయాడు.

పైన, 37వ రోజు

పంకా ఇంట్లో ఇంకా అయిదుగురం. రోహిణి వచ్చి మూడు రోజులు. ఈరోజు యాభై మూడు. రెండో పంకా బెల్టు మార్చాం. నా అరచేతుల తోలు లేచింది. మిగతా ఒళ్లు నిలబడే ఉంది.

లోపలికీ పంకా ఇంటికీ ఒక తీగ ఫోన్ ఉంది. గాలి సరిగ్గా అందుతోందా అని మధ్యాహ్నం నేను అడగాలి, లోపలివాళ్లు చెప్పాలి. మొదటి వారం ఎవరెవరో ఎత్తారు. ఎనిమిదో రోజు నుంచి ఒకే మనిషి ఎత్తుతున్నాడు. మాట్లాడడు. ఆ ఊపిరి నాకు తెలుసు, ఒకవైపు నుంచే వచ్చే ఊపిరి.

రోజూ ఏదో ఒకటి చెబుతున్నాను. ఎంత ఎండ ఉందో, ఎవరు సొమ్మసిల్లారో, సంఘాన్ని ఏమని తిట్టానో. చెప్పడానికేమీ లేనప్పుడు కథ చెబుతున్నాను, ఇప్పుడు పేర్లు మరిచిపోవడం లేదు. ఆయన మొత్తం వింటాడు. మధ్యలో ఆగి చూస్తాను. దగ్గు ఆపుకుంటాడు, ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంటాడు, పెట్టెయ్యడు.

ఊఁ మాత్రం అనడు. ఈరోజు గంటసేపు చెప్పాను, గొంతు పోయింది, ఒక్కసారి కూడా అనలేదు ముసలోడు. నేర్చుకున్నాడు.